పాత బజారులోకి బస్సు వచ్చిన పదకొండు రోజులు

ఆత్మకూరు పాత బజారులో మాది గాజుల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. మా వీధిలో అందరివీ అంతే. మా మామగారు పెట్టిన అంగడిని మా ఆయన నడిపారు, ఆయన పోయాక ఏడేళ్ళుగా నేను నడుపుతున్నాను. ఇదివరకు ఎక్కడని ఎవరైనా అడిగితే "పాత బజారు" అంటే చాలు. ఇప్పుడు బస్టాండు నుంచి ఎటు రావాలో, ఎక్కడెక్కడ తిరగాలో ఫోనులో పది నిమిషాలు చెప్పాలి. అంతా ఓపిగ్గా విని, "సరేలేమ్మా, ఇంకోసారి వస్తాం" అంటారు.

ఒకప్పుడు ఉదయగిరి బస్సు మా వీధిలో నుంచే పోయేది. మా అంగడి ముందే ఆగేది. దిగినవాళ్ళు దిగినట్టే ఎదురుగా ఉన్న బట్టల అంగట్లోకి వెళ్ళేవాళ్ళు, అక్కడి నుంచి ఇత్తడి సామాను చూసుకునేవాళ్ళు, తిరిగి బస్సెక్కే ముందు నా దగ్గర డజను గాజులు వేయించుకునేవాళ్ళు. బయట రోడ్డు పెద్దది చేశాక బస్సులు అటు తిరిగాయి. అందులో ఎవరి తప్పూ లేదు. కానీ బస్సులతో పాటు మనుషులూ అటే తిరిగారు. ముందు ఇత్తడి అంగడి మూశారు. తర్వాత పచారీ కొట్టు, ఆ తర్వాత చెప్పుల అంగడి, చివరికి గడియారాలు బాగుచేసే ఆయన. దించిన షట్టర్ల ముందు ఊళ్ళో వాళ్ళు బైకులు పెట్టుకుని ఎటో పోయేవాళ్ళు. ఆ బైకుల నీడలో కుక్కలు పడుకునేవి.

మా వాళ్ళ సంగతి నాకు బాగా తెలుసు. కష్టం వస్తే ముందు అరుగు మీద కూర్చుని దాని గురించి మాట్లాడతారు. టీ తెప్పించుకుని మరీ మాట్లాడతారు. అలా మూడేళ్ళు మాట్లాడాక, నాలుగో అంగడి కూడా మూతపడ్డాక, వీధి కమిటీ వేసుకుందామని తోచింది. ఎదురింటి బట్టల అంగడి ఆయన్ని కమిటీకి పెద్దగా పెట్టుకున్నాం. ఆయన వయసులో పెద్ద, మాట మెత్తన, వీధిలో ఎవరింట్లో ఏం జరిగినా ముందు వచ్చి నిలబడే మనిషి. నన్ను కూడా వేశారు. నేనేదో చేస్తానని కాదు, నా చేతిరాత బాగుంటుందని.

మొదటి మీటింగు నాలుగు గంటలకు అన్నారు. ఐదున్నరకు ముగ్గురు వచ్చారు. ఆ సాయంత్రం అంతా కమిటీ బ్యానరు ఏ రంగులో వేయించాలన్న మాటతోనే గడిచింది. పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలా, ఎర్ర రంగు మీద పసుపు అక్షరాలా అని. నేను ఉండబట్టలేక, "ఈడికి మనిషే రాకపోతే బ్యానరు ఎవరు చదువుతారన్నా? ముందు బస్సు సంగతి చూడండి" అన్నాను. పెద్దాయన నవ్వి, "ఈమెకు తొందర జాస్తి" అన్నాడు. తొందరే మరి. దానికి కారణం ఉంది.

గాజుల అంగట్లో అమ్మడం సగం పని, తొడగడం సగం పని. చెయ్యి పట్టుకుని, బొటనవేలు లోపలికి మడిచి, వేళ్ళ మొదళ్ళు మెల్లగా నొక్కుతూ, గాజు పగలకుండా, అవతలి మనిషికి నొప్పి తెలియకుండా ఎక్కించాలి. మా అత్తగారు నాకు ఇది రెండేళ్ళు నేర్పారు. పెళ్ళిళ్ళకు, సీమంతాలకు, ఓణీల ఫంక్షన్లకు మర్రిపాడు నుంచి కూడా వచ్చి నాతో వేయించుకుని పోయేవాళ్ళు. మా ఆయన పోయాక నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. చెయ్యి మాత్రం చాపేవాళ్ళు కాదు. "ఇంటికి పోయి వేసుకుంటాంలేమ్మా" అనేవాళ్ళు. చేత కాకుండా ఇంట్లో వేసుకుంటే గాజులు పగులుతాయి. శుభానికి కొన్న గాజు పగిలితే మళ్ళీ ఆ అంగడి గడప తొక్కరు. ఇక అంగడి మూసుకోవాల్సిందేనని ఆ ఏడాదే నాకు అర్థమైపోయింది.

అప్పుడు నన్ను నిలబెట్టింది ఉదయగిరి అక్క. వాళ్ళాయన ఇంట్లో కూర్చుని చెక్క గరిటెలు, దువ్వెనలు చెక్కుతాడు. ఆమె వాటిని గోనెసంచిలో వేసుకుని మంగళవారం, శుక్రవారం బస్సులో వచ్చి మా అరుగు మీద పరుచుకుని అమ్ముతుంది. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. ఒకరోజు ఒక పెళ్ళికూతురి తల్లి నా చేతిలో నుంచి కూతురి చెయ్యి వెనక్కి లాక్కుంది. అక్క అది చూసింది. గరిటెలు పక్కన పెట్టి లేచొచ్చి, "ఇటియ్యి తల్లీ, నా మొగుడు గుండులాగుండాడు" అని ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. మూడు డజన్లు వేసింది. ఒక్కటి పగల్లేదు. ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు. ఏళ్ళ తరబడి అరుగు మీద కూర్చుని నన్ను చూసే నేర్చుకుని ఉంటుంది. ఆ రోజు నుంచి శుభకార్యాల వాళ్ళను మంగళవారమో శుక్రవారమో రమ్మని చెప్పడం అలవాటు చేసుకున్నాను. నేను అమ్ముతాను, ఆమె తొడుగుతుంది. అలా మా అంగడి నడిచింది.

బస్సు బయటి రోడ్డుకు పోయాక ఆమె బస్టాండులో దిగి, ఆ సంచి మోసుకుని, ఎండలో మా దాకా నడిచి రావాలి. మొదట్లో నడిచింది. తర్వాత మోకాళ్ళు వాచాయి. ఆటో ఎక్కడం ఆమెకు గిట్టుబాటు కాదు. పోయిన చలికాలంలో ఒకరోజు అరుగు మీద కూలబడి, మోకాలు రుద్దుకుంటూ, "ఈ ఎండాకాలం దాకా చూస్తానమ్మే. బస్సు ఈడికొస్తే నేనూ వస్తా. రాకపోతే ఇంక నా వల్ల కాదు" అంది. కోపంగా అనలేదు, వాన వచ్చేట్టుందని చెప్పినట్టు చెప్పింది. మిగతావాళ్ళకు బస్సు కావాల్సింది వీధి కళకళలాడడానికి. నాకు కావాల్సింది అక్క రావడానికి, ఆమె వస్తేనే నా అంగడి ఉంటుంది కాబట్టి.

నేనూ పెద్దాయనా డిపోకు వెళ్ళాం. అక్కడి ఆఫీసరు మర్యాదగానే మాట్లాడాడు. "వీధి ఇరుకైపోయిందమ్మా, ఇప్పుడు బస్సు పట్టదు. పట్టేట్టు చేసి చూపించండి. ఉదయగిరి సర్వీసు ఒకటి నెలరోజులు అటు పంపి చూస్తాను" అన్నాడు. బయటికి రాగానే పెద్దాయన, "కుదరదని నెమ్మదిగా చెప్పినాడు, అంతే" అని చెప్పులేసుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ శుక్రవారం సాయంత్రం అక్కను బస్సెక్కించడానికి వెళుతూ అంగట్లో నుంచి ఎర్ర రిబ్బను చుట్ట ఒకటి తీసుకుపోయాను. ఆగి ఉన్న బస్సు ముందు ఒక కొస ఆమె పట్టుకుంది, ఒక కొస నేను పట్టుకున్నాను. పక్క అద్దాలు కూడా కలిపి కొలిచి అక్కడే కత్తిరించాను. డ్రైవరు తల బయటికి పెట్టి, "ఏందమ్మా, బస్సుకు జడేస్తారా?" అన్నాడు. అక్క నవ్వలేక సంచి మీద కూర్చుంది.

మర్నాడు ఆ రిబ్బను పట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడిచాను. రిబ్బను పట్టని చోటల్లా సుద్దముక్కతో గీత గీశాను. మెట్లు, రేకులు, బోర్డులు, మూతపడిన ఇత్తడి అంగడి ముందు పరిచిన కడప బండ, అన్నీ కలిపి పద్నాలుగు గీతలు వచ్చాయి. మొదటి గీత మా రేకు మీదే పడింది. అదే రోజు కోయించాను. మిగతా పదమూడు గీతలకు రెండు నెలలు పట్టింది.

ఆ రెండు నెలలు నేను తిట్టని మనిషి లేడు. "ఎదురింటివాళ్ళు తీస్తే నేనూ తీస్తా" అని ఇటువైపు వాళ్ళు, అదే మాట అటువైపు వాళ్ళు. ఒకాయన మూఢంలో మెట్టు కదిలించకూడదన్నాడు. మూఢం పోయాక అమావాస్య అన్నాడు. అమావాస్య పోయాక మేస్త్రీ రాలేదన్నాడు. ఇంకొకాయన ఆ మెట్టు వాళ్ళ తాత కట్టించిందని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ తాత ఉన్న రోజుల్లో అక్కడ మెట్టు లేదు, మట్టి ఉండేది. ఆ సంగతి మా మామగారు నాకు చెప్పారు. ఒకామె అయితే రోజూ పొద్దున కల్లాపితో పాటు నా గీత కూడా కడిగేసేది. నేను రోజూ పది గంటలకు పోయి మళ్ళీ గీసేదాన్ని. మా ఇద్దరి మధ్యా ఒక్క మాట కూడా లేకుండా ఇది ఇరవై రోజులు సాగింది. చివరికి సుద్ద అయిపోయినా నేను అయిపోననుకుందో ఏమో, మేస్త్రీని పిలిచింది.

అయినా చేశారు. అది కూడా చెప్పాలి. మెట్లు వెనక్కి జరిగాయి, రేకులు పొట్టివయ్యాయి, కాలవలో పేరుకున్న చెత్త మేమే తీయించాం. పెద్దాయన మెట్టు అందరికంటే చివర పోయింది. కానీ పోయింది. ఆఫీసరు ఒక సాయంత్రం వచ్చి వీధంతా నడిచి చూశాడు. "సరే, నెలరోజులు" అన్నాడు. "కానీ ఒక మాట. దారి మూతపడి బస్సు ఒక్కసారి వెనక్కి తిరిగినా ఇంక నన్ను అడగొద్దు. లోపల జనం ఉంటారు, వాళ్ళకు నేను జవాబు చెప్పుకోవాలి." అందరం తలూపాం. పెద్దాయన అందరికంటే ఎక్కువసార్లు ఊపాడు.

బస్సు ఒక మంగళవారం పొద్దున వచ్చింది. టెంకాయ కొట్టారు, బస్సుకు దండ వేశారు. డ్రైవరు మమ్మల్ని జడేస్తారా అని అడిగిన ఆయనే. అటో జానెడు, ఇటో జానెడు వదిలి బస్సు మెల్లగా వచ్చి మా అంగడి ముందు ఆగింది. అక్క దిగి, సంచి కింద పెట్టి, వెనక్కి తిరిగి చూసి, "తొమ్మిది అడుగులమ్మే" అంది. బస్సు మెట్టు నుంచి అరుగు దాకా లెక్కపెట్టుకుంది. ఆ వారంలోనే ఇడ్లీలు అమ్మే ఆమె బండి మళ్ళీ మా మూలకు తెచ్చింది. గడియారాల ఆయన షట్టరుకు నూనె పూశాడు. తెరవలేదు, పూశాడు. నాకు అదే పండగ. చాలా ఏళ్ళ తర్వాత పొద్దున అంగడి తీసేటప్పుడు సంతోషంగా ఉండేది.

ఏడో రోజు సోమవారం. పెద్దాయన భార్య, నేను వదినా అని పిలుస్తాను, ఇద్దరు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని కుంకుమ భరిణెతో వచ్చింది. మనవరాలికి శుక్రవారం ఓణీల ఫంక్షన్. మా వీధిలో పిలుపుకు ఒక పద్ధతి ఉంది. ముత్తయిదువలకు బొట్టు పెట్టి పిలుస్తారు. నా లాంటి వాళ్ళ దగ్గర గడప బయట నిలబడి నోటితో చెప్పి పోతారు. ఏడేళ్ళుగా నాకు అందరూ అలాగే చెప్పి పోయారు. నేను అలవాటు పడ్డాను అనుకున్నాను. ఆ రోజు వదిన గడప దాటి లోపలికి వచ్చి, భరిణె మూత తీసి, నా నుదుటన బొట్టు పెట్టింది.

"నాకెందుకు వదినా" అన్నాను.

"ఏం, నువ్వు మా ఆడబిడ్డవు గాదా? ఈ కాలంలో అయ్యన్నీ ఎవరు చూస్తుండారు?" అంది.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గుపడకుండా చెబుతున్నాను, ఆ చిటికెడు కుంకుమకు నేను కరిగిపోయాను. ఆమె అదే ఊపులో, "గాజులు నీ దగ్గరే. మీ ఉదయగిరామెను శుక్రవారం తప్పకుండా రమ్మను, పదిన్నర తర్వాత ముహూర్తం" అంది. వెళ్ళబోతూ గడప దగ్గర ఆగి, "మండపం వద్దన్నాడు మీ అన్న. వీధిలోనే పందిరి. మా ఇంటి నుంచి మీ ఇంటి దాకా" అంది.

మా ఇంటి నుంచి వాళ్ళ ఇంటి దాకా అంటే వీధికి అడ్డంగా. బస్సు దారికి అడ్డంగా. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ శుభమని ఇంటికి వచ్చి, నాకు బొట్టు పెట్టిన మనిషితో అడ్డుమాట ఎలా అనాలి? పైగా పందిరి విషయంలో మా వీధిలో ఎవరూ ఎవర్నీ అనరు. ఈ రోజు వాళ్ళది, రేపు మనది. మా ఆయన పెద్దకర్మకు మూడు రోజులు వీధి మూశాం. మూడు రోజులూ బస్సు బయట నుంచి పోయింది, అందరూ వెనక సందులో నుంచి తిరిగి పోయారు, ఒక్కరు ముఖం చిట్లించలేదు. అదంతా ఒక్క క్షణంలో నా ముందుకు వచ్చింది. "అట్నే వదినా" అన్నాను.

సాయంత్రం పెద్దాయన వాళ్ళ మెట్టు మీద నిలబడి నన్ను చూసి నవ్వాడు. నేను అడగకముందే, "మండపంలో చేస్తే జనం ఆడికి పోతారమ్మా. ఈడ చేస్తే మన వీధికొస్తారు. నాలుగు వందల మంది మన వీధి తొక్కుతారు. ఇది గూడా వీధి కోసమే గదా" అన్నాడు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. మా వాళ్ళతో వచ్చిన చిక్కే అది, వాళ్ళు అబద్ధం చెప్పరు. "డిపోకు ఒక మాట చెప్పి పంపిస్తాలే, ఆ పూటకు బయట నుంచి పోతారు" అని కూడా అన్నాడు. ఆయన ఎవరికో చెప్పాడు, ఆ ఎవరో ఇంకెవరికో చెప్పాడు. చెప్పారా అని నేను అడగలేదు. ఆఫీసరు నంబరు నా దగ్గర ఉంది, నేనూ చెప్పలేదు. చెబితే మా దారి మేమే మూశామని ఒప్పుకున్నట్టు అవుతుందని ఒక భయం. నుదుటి మీద ఆ కుంకుమ ఇంకా ఉంది, అది ఇంకో కారణం.

మర్నాడు మంగళవారం అక్క వచ్చింది. శుక్రవారం తప్పకుండా రావాలని, ఓణీల పిల్లకు గాజులు తొడగాలని చెప్పాను. పందిరి సంగతి చెప్పలేదు. నా బొట్టు కనిపిస్తుందేమో, ఎందుకని అడుగుతుందేమో అని ఆ రోజు పొద్దున ముఖం రెండుసార్లు కడుక్కున్నాను. ఏమిటో ఆ తెలివి, ఇప్పటికీ నాకు అర్థం కాదు.

శుక్రవారం, పదకొండో రోజు. తెల్లారేసరికి వీధిలో గుంతలు తీసి కొయ్యలు నాటారు. కొబ్బరాకులు, రంగుల గుడ్డలు, కుర్చీలు, పాటల పెట్టె. నేను అద్దం ముందు నిలబడి నా చేతులతో నేనే బొట్టు పెట్టుకున్నాను. వదిన పెట్టింది కదా, ఇంక తప్పేముందని.

తొమ్మిదిన్నరకు హారను వినపడింది. వీధి మొదట్లో ఆపేవాళ్ళు ఎవరూ లేరు. చుట్టాల కార్లూ బైకులూ అక్కడిదాకా పెట్టి ఉన్నాయి. బస్సు మలుపులోకి సగం దూరాక గానీ డ్రైవరుకు ముందున్నది కనపడలేదు. ఆ మలుపులో బస్సు తలుపు గోడకు ఆనుకుని ఉంటుంది, తెరిచినా మనిషి పట్టడు. అంటే ఎవరూ దిగలేరు. వెనక నాలుగు ఆటోలు వచ్చి నిలబడ్డాయి. ఆటోలను తీయించి, కండక్టరు డ్రైవరు వైపు నుంచి దిగి విజిల్ ఊదుతూ బస్సును వెనక్కి నడిపించడానికి ముప్పావు గంట పట్టింది. లోపల జనం అరుస్తున్నారు. ఎవరో ముసలాయనకు ఆసుపత్రికి టైమైపోయిందట. నేను పరిగెత్తి పోయి చూశాను. డ్రైవరు నన్ను గుర్తుపట్టాడు. ఒకసారి చూసి అద్దం వైపు తిరిగాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

బస్సు వెనక్కి తిరిగి బస్టాండుకు పోయింది, అక్క అందులోనే ఉంది. ఇక్కడ పందిట్లో పిల్లను పీట మీద కూర్చోబెట్టారు. పళ్ళెంలో ఆకుపచ్చ గాజులు, ఎర్ర గాజులు నేనే సర్దాను. పదిన్నర దాటింది. పదీ నలభై అయింది. "ఏదమ్మే ఆమె?" అని వదిన నన్ను అడిగింది. "బస్సు ఈడికి రాలేదు గదా వదినా, బస్టాండు నుంచి నడిచి రావాల" అన్నాను. ఎవరో పెద్దామె ముహూర్తం పోతోంది అంది. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను లేచి చేతులు కడుక్కుని పిల్ల ముందు కూర్చున్నాను. ఆ లేత చెయ్యి పట్టుకుని బొటనవేలు మడిచాను. ఏడేళ్ళ తర్వాత. నా వేళ్ళు ఏదీ మర్చిపోలేదు.

వదిన చెయ్యి వచ్చి నా చెయ్యి మీద పడింది. "నువ్వొద్దులేమ్మా" అంది. "ఆమెను రానీ. ఇంకా పదిహేను నిమిషాలుండాది." సోమవారం బొట్టు పెట్టినప్పటి గొంతే అది. అంతే మెత్తగా ఉంది. నేను పిల్ల చెయ్యి వదిలేసి లేచాను. పాటల పెట్టె మోగుతూనే ఉంది, ఎవరికీ పెద్దగా తెలియలేదు. నాకు తెలిసింది.

అక్క అప్పుడే వచ్చింది. ఒక కాలు ఈడుస్తూ, ముఖమంతా చెమట. సంచి కింద పడేసి, చేతులు కడుక్కుని, మారు మాట లేకుండా పిల్లకు గాజులు తొడిగింది. ఒక్కటి పగల్లేదు. తర్వాత వచ్చి మా అరుగు మీద కూర్చుంది. భోజనానికి లేవమంటే లేవలేదు. ఆమె మోకాలు చీర మీద నుంచే ఉబ్బుగా కనిపిస్తోంది.

"పందిరేస్తారని నీకు తెలుసా?" అంది.

"తెలుసు" అన్నాను.

"ఎప్పుడు తెలుసు?"

"సోమవారం."

"మంగళారం నేనొస్తిని గదమ్మే."

నేను ఆమె సంచి తీసి అరుగు మీద పెట్టాను.

"వాళ్ళకు చెప్పలేకపోతివి, సరే. నాకెందుకు చెప్పలేదు? తెలిసుంటే ముందు బస్సుకొచ్చి, నిదానంగా ఆగి ఆగి నడిచేదాన్ని గదా." కాసేపు నా ముఖం చూసింది. "బొట్టు బాగుండాది నీకు" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అంది. నాకు అక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది. మధ్యాహ్నం ఆటో పిలిచి ఎక్కించాను. మంగళవారం ఆమె రాలేదు. బస్సు కూడా రాలేదు.

అదే వారం కమిటీ మీటింగు పెట్టారు. ఒక్కసారి మాత్రం అందరూ టైముకు వచ్చారు. డ్రైవరు తొందరపడ్డాడని, ముందు దిగి చూసుకోవాల్సిందని, అలా అర్జీ రాసి ఇంకో అవకాశం అడగాలని తీర్మానించారు. రాసే పని నాదే. నేను రాశాను. పందిరి వేసింది మేమే, ముందే తెలిసి డిపోకు చెప్పనిది మేమే, నాకు నాలుగు రోజుల ముందే తెలుసు, డ్రైవరు తప్పు ఏమీ లేదు, దయచేసి ఇంకొక్కసారి బస్సు పంపండి అని రాసి, పైకి చదివాను.

"శుభం జరిగిన ఇంటి మీద కాగితం రాస్తావా అమ్మా?" అన్నాడు పెద్దాయన. ఆయన ముఖంలో కోపం కంటే బాధే ఎక్కువ ఉంది.

"మీ ఇంటి మీద కాదన్నా, మన మీద రాసినాను. అందులో నేను గూడా ఉండాను."

"నేను దీని మీద సంతకం పెట్టను."

పక్కాయన వైపు చూశాను. "పెద్దాయన పెడితే నేనూ పెడతా" అన్నాడు. ఆ పక్కాయనా అదే అన్నాడు. రెండు నెలలు సుద్దముక్క పట్టుకుని విన్న మాటే అది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కాగితం మీద నేనొక్కదాన్నే సంతకం పెట్టి తీసుకుపోయాను. డిపో ఆఫీసరు రెండుసార్లు చదివాడు. "మీరు నిజం రాశారు, సంతోషం. కానీ బస్సు మీ ఒక్కరి కోసం కాదు కదా. వీధి ఏదమ్మా ఇందులో?" అన్నాడు. అక్కడి నుంచి ఇంటికి నడిచే వచ్చాను. అక్క ఎక్కడెక్కడ ఆగి ఉంటుందో చూసుకుంటూ వచ్చాను. దారిలో నీడ ఉన్న చోటు రెండంటే రెండే ఉన్నాయి.

ఫోను చేస్తే, "చూద్దాంలేమ్మే, కాళ్ళు బాగైతే" అంటుంది. శుక్రవారం పొద్దున నేను అంగడి తాళం వేసుకుని బస్టాండుకు పోయి ఉదయగిరి బస్సు కోసం నిలబడతాను, వస్తే సంచి నేను మోద్దామని. మూడు శుక్రవారాలు పోయాను. మూడోసారి కండక్టరే నన్ను చూసి, "మీ ఆమె ఈ పొద్దు గూడా ఎక్కలేదమ్మా" అన్నాడు. దిగినవాళ్ళలో ఒక్కరు కూడా పాత బజారు వైపు తిరగలేదు. అంగట్లో శుభం గాజుల పెట్టెలు మూత తీయకుండా అలాగే ఉన్నాయి. రిబ్బను మేకుకు వేలాడుతోంది.

మొన్న ఇత్తడి అంగడి వాళ్ళింట్లో పెళ్ళి పెట్టుకున్నారు. పిలుపుకు వదినే వాళ్ళను వెంటబెట్టుకొచ్చింది. కుంకుమ భరిణె ఆమె చేతిలోనే ఉంది. గడప బయట నిలబడి, మూత తీయకుండా, నోటితో చెప్పింది. కాగితం సంగతి ఆమె మనసులో ఉందని నాకు తెలుసు. నేను అది పట్టించుకోలేదు.

"పందిరి యాడ?" అని అడిగాను.

"వీధిలోనే. ఈ పక్క నుంచి ఆ పక్కకు."

"అడ్డంగా వేయొద్దు వదినా" అన్నాను. ఆ సోమవారం అనాల్సిన మాట, ఎంత తేలిగ్గా వచ్చిందో నాకే ఆశ్చర్యమేసింది.

వదిన నా వైపు జాలిగా చూసింది. "బస్సే రాదు గదమ్మా" అంది. "ఇంక దేనికి అడ్డం?"